ఎలుకల గదిలో ఒక రోజు తేడా

నేను పద్దెనిమిదేళ్ళు ఎలుకల్ని పెంచా. ఏం ఉద్యోగం చేసారని అడిగినవాళ్ళకి ఇలాగే చెప్తా, వాళ్ళు నవ్వుతారు. మా ఆవిడ మాత్రం పెళ్ళిళ్ళలో "మా ఆయనది రీసెర్చి" అని ఊరుకుంటుంది. రెండూ నిజమే. నందిగామ దాటి జగ్గయ్యపేట వెళ్ళే హైవే పక్కన, ఒకప్పుడు పత్తి గోడౌనుగా వాడిన షెడ్డులో ఒక చిన్న పరిశోధన కేంద్రం ఉండేది. తొంభైల మధ్యలో అక్కడ టెక్నికల్ ఆఫీసరుగా చేరా. ఎలుకల బాగోగులన్నీ నావే. ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చెప్పేది ఒక తప్పు గురించి. అది నేను చేసింది. దానివల్ల ఒక ఆడపిల్ల అయిదేళ్ళ కష్టం గంగలో కలవబోయింది.

ఎర్ర కణం ఎక్కడ పుడుతుంది

ముందు మేం ఏం వెతికేవాళ్ళమో చెప్పాలి. ఎలుక కడుపులో పిల్ల పడ్డాక దాని మొదటి రక్తం పిండాన్ని అంటుకుని ఉండే ఒక సంచిలో తయారవుతుంది. ఆ కణాలు పెద్దవి, మధ్యలో కేంద్రకం ఉంటుంది. కొన్ని రోజులకి లివరు ఆ పని అందుకుంటుంది. లివరులో తయారైన ఎర్ర కణాలు చిన్నవి, కేంద్రకాన్ని బయటికి నెట్టేసి మరీ రక్తంలోకి వస్తాయి. గాజుపలక మీద రక్తపు చుక్క పరిచి రంగు వేస్తే ఏది ఎక్కడిదో కంటికే తెలుస్తుంది. ఎలుక గర్భం మొత్తం ఇరవై రోజులైతే, అంతలోనే రక్తం పని చేతులు మారుతుంది. ఎప్పుడు మారుతుంది, ఎవరు మార్చమంటారు అన్నదే మా ప్రశ్న.

మార్చమనేవి కొన్ని ప్రోటీన్లు, వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటారు. ఏ కణంలో చూసినా జన్యువులన్నీ ఉంటాయి, వాటిలో ఏది తెరవాలో ఏది మూయాలో ఇవి చూసుకుంటాయి. సాగర్ కాలువ మీద లస్కరు తూములు ఎత్తి దించినట్టు అని మా అటెండర్లకి చెప్పేవాణ్ణి, వాళ్ళకి వెంటనే తెలిసిపోయేది. గాటా-1 అనే ఫ్యాక్టరు లేకపోతే ఎర్ర కణం పసితనంలోనే ఆగిపోయి చచ్చిపోతుంది, పిండం గర్భం మధ్యలోనే పోతుంది. ఇంకొకటి లేకపోతే మొదటి రక్తం బాగానే ఉంటుంది గానీ లివరు పని అందుకున్నాక పిల్ల పాలిపోయి చనిపోతుంది. ఇవన్నీ అప్పటికే తెలిసిన సంగతులు. మా కేంద్రం నడిపే మేడం పట్టుకున్నది పెద్దగా పేరులేని ఫ్యాక్టరు. అది బొత్తిగా లేకపోయినా ఎలుకలు పుడతాయి, తింటాయి, పిల్లల్ని కంటాయి. మరి అది ఉండి చేసే పనేమిటి? ఆ ప్రశ్న మేడం దగ్గర పీహెచ్‌డీకి చేరిన అరుణ చేతికి వచ్చింది.

అరుణది జగ్గయ్యపేట. వాళ్ళ నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దున్నే బస్సెక్కి మొదటి మనిషిగా ల్యాబుకి వచ్చేది. వాళ్ళ ఇంట్లో పీహెచ్‌డీ అన్న మాట అంతకుముందు ఎవరూ పలికి ఉండరు. యూనివర్సిటీ గడువు అయిదేళ్ళు. వాళ్ళ నాన్న కూడా ఆ లెక్కే చెప్పాడట: అయిదేళ్ళు నిన్నెవరూ పల్లెత్తు మాట అనకుండా నేను చూసుకుంటా, ఆరో ఏడు నా వల్ల కాదమ్మా అని. బంధువులు దాన్ని ఎలుకల చదువు అనేవాళ్ళు. ఈ సంగతులన్నీ టీ తాగేటప్పుడు తనే నవ్వుతూ చెప్పేది. నవ్వేది గానీ క్యాలెండరు మీద నెలలు కొట్టేస్తూ ఉండేది.

క్వారీ, కరెంటు

పెద్ద ఊళ్ళలో పనిచేసే వాళ్ళకి మా కష్టాలు తెలియవు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి క్వారీలు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే మా షెడ్డు రేకులు గజగజలాడేవి. మనకేం కాదు గానీ, కొత్తగా ఈనిన ఎలుక బెదిరిపోయి తన పిల్లల్ని తానే తినేస్తుంది. మొదటి ఏడాది ఎన్ని ఈతలు పోయాయో చెప్పలేను. బ్లాస్టింగ్ టైముకి రేడియో పెద్దగా పెట్టి వాటికి చప్పుడు అలవాటు చెయ్యమని చెప్పింది మా అటెండరు ఆదిలక్ష్మి. ఇదేం వైద్యమని నవ్వా. పనిచేసింది.

ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు, నందిగామ ఎండ నందిగామ వాళ్ళకే తెలుసు. కూలర్లు ఆగితే మేం తడి గోనెపట్టాలు కట్టేవాళ్ళం. అసలు దెబ్బ కరెంటు కోతల వల్ల తగిలింది. ఏ ఎలుకలో ఏ జన్యువు ఉందో తేల్చే పీసీఆర్ మెషీను గంటలకొద్దీ ఆగకుండా నడవాలి. మధ్యలో కరెంటు పోతే పరీక్ష వృథా. వారానికి నాలుగుసార్లు వృథా అయ్యేది.

దానికి మేడం ఒక ఉపాయం చేసారు. ఫ్యాక్టరు లేని ఆడా మగా జత కడితే పుట్టేవన్నీ ఫ్యాక్టరు లేనివే, పరీక్షే అక్కర్లేదు. అందుకని రెండు గదులు చేసాం. ఒకటో గదిలో మామూలు ఎలుకలు, రెండో గదిలో ఫ్యాక్టరు లేనివి. ఈ గది పిండాన్నీ ఆ గది పిండాన్నీ పక్కపక్కన పెట్టి చూడటమే. ఉపాయం తెలివైనదే, కానీ తప్పు. ఒక పిల్ల ఎదుగుదల చూడాలంటే దాని తోడబుట్టిన పిల్లతో పోల్చాలి, పక్కింటి పిల్లతో కాదు. ఒకే తల్లి కడుపులో ఒకేసారి పడ్డవాటికి వయసు తేడా ఉండదు. ఈ మాట మేడానికి తెలియక కాదు. మెషీను పెట్టిన విసుగులో పక్కన పెట్టారు. నేను చూసిన పెద్ద తప్పులన్నీ తెలియక చేసినవి కావు, విసుగులో చేసినవే.

రోజుల లెక్క

మేడం విదేశంలో చదివి, పనిచేసి, పట్టుబట్టి వెనక్కి వచ్చిన మనిషి. కోపం ఎక్కువ, పక్షపాతం లేదు. ఒకటో గది ఆదిలక్ష్మికి అప్పగించేటప్పుడు మూడు రోజులు పక్కన నిలబడి నేర్పారు. జత కట్టిన ఆడ ఎలుకకి మర్నాడు పొద్దున వెనకవైపు తెల్లటి చిన్న బిరడా కనపడుతుంది. అది కనపడిన రోజు సున్నా. మర్నాడు ఒకటి. బోను మీది కార్డులో అలాగే రాయాలి. ఆదిలక్ష్మి ఏడో తరగతితో ఆగిపోయిన మనిషి. చెప్పింది చెప్పినట్టు చేసేది.

రెండో గది నాది. నాకెవరూ నేర్పలేదు, నేను అడగలేదు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవాడికి నేర్పేదేముంది? బిరడా కనపడిన రోజు ఒకటి అని రాసా. మర్నాడు రెండు. అది తప్పని అనుమానం కూడా రాలేదు. మన ఇళ్ళలో లెక్క అదే కదా. సోమవారం బిడ్డ పుడితే పదకొండో రోజు పురుడు గురువారం వస్తుంది. పుట్టిన రోజు కూడా లెక్కలోకే. పోయినవాళ్ళకి చేసే దినాలకీ అంతే. ఏ ముసలమ్మనడిగినా వేళ్ళ మీద అలాగే చెప్తుంది. నా వేళ్ళూ అలాగే లెక్కపెట్టాయి. ఆదిలక్ష్మి మేడం లెక్క రాసింది, నేను మా అమ్మ లెక్క రాసా. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు చూడండి, అది నా కోసమే పుట్టిన మాట.

ఫలితం ఏమిటంటే, పదమూడో రోజు తల్లులు కావాలండీ అని అరుణ అడిగినప్పుడల్లా, ఒకటో గది నుంచి సరిగ్గా పదమూడో రోజువి వెళ్ళేవి, నా గది నుంచి ఒక రోజు చిన్నవి వెళ్ళేవి. అరుణ పలకల మీద చూస్తే మామూలు పిండాల్లో లివరు నుంచి వచ్చిన చిన్న కణాలు బాగానే ఉన్నాయి. ఫ్యాక్టరు లేనివాటిలో అరకొరగా ఉన్నాయి. మళ్ళీ చేసింది, అలాగే వచ్చింది. పదిసార్లు చేసినా అలాగే వచ్చింది. ఎందుకు రాదు?

మేడం మొహం వెలిగిపోయింది. ఆ ఫ్యాక్టరు లేకపోతే లివరు రక్తం ఒక రోజు ఆలస్యంగా మొదలవుతుంది, ఇది కొత్త సంగతి అన్నారు. ఇక తప్పుకి సాక్ష్యాలు వాటంతట అవే నడిచొచ్చాయి. నా గది పిండాల ముందుకాళ్ళ వేళ్ళు ఇంకా విడివడలేదు. అయితే ఆ ఫ్యాక్టరు మొత్తం ఎదుగుదలకే కావాలన్నమాట. నా గది ఎలుకలు ఒక రోజు ఆలస్యంగా ఈనుతున్నాయి. కార్డులు చూసి ఆ మాట కనిపెట్టింది నేనే, గొప్పగా మేడానికి చెప్పింది కూడా నేనే. శభాష్ అన్నారు. ఒక రోజు, ఒక రోజు, ఎటు చూసినా సరిగ్గా ఒక్క రోజే తేడా ఎందుకొస్తుందని ముగ్గురిలో ఒక్కళ్ళమూ అడగలేదు. అనుకున్నది దొరికాక ఇంకెవరు వెతుకుతారు?

అరుణ థీసిస్ రాయడం మొదలుపెట్టింది. మేడం వ్యాసం రాసి విదేశీ పత్రికకి పంపారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆదిలక్ష్మి అడిగిన మాట

అరుణకి నాలుగో ఏడు నడుస్తుండగా మా పెద్దమ్మాయికి కొడుకు పుట్టాడు. పురుడు మా ఇంట్లోనే. నాలుగు రోజులు సెలవు పెట్టి నా గది కూడా ఆదిలక్ష్మికి అప్పజెప్పా. తిరిగి వచ్చిన రోజున ఆవిడ చీపురు పక్కన పెట్టి నెమ్మదిగా అడిగింది.

"రావుగారూ, మీ గదిలో కార్డులన్నీ ఒక రోజు ముందున్నాయండి. బిరడా చూసిన రోజే ఒకటని రాసారు. మీ గదికి మేడంగారు వేరే లెక్క చెప్పారా, లేక నన్ను దిద్దమంటారా?"

నేను ఆవిడ మొహం వంక చూడలేకపోయా. వేరే లెక్కే, నువ్వేం దిద్దకు అన్నా. ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు దానంతటది అనేసింది. తర్వాత స్టోరు గదిలోకి వెళ్ళి పాత కార్డుల కట్టలన్నీ విప్పా. మూడేళ్ళ కార్డులు. అన్నిటి మీదా నా చేతిరాతే. కొంప మునిగిందని అక్కడే అర్థమైంది.

చెప్పాల్సింది ఆ గంటలోనే. చెప్పలేదు. ఇంటికెళ్ళి మనవడి ఉయ్యాల ఊపుతూ రకరకాల లెక్కలు వేసా. ఒక రోజు తేడా తీసేసినా ఎంతో కొంత ఆలస్యం మిగులుతుందేమో. ఈ షెడ్డులో జరిగింది ఎవరికి తెలుస్తుంది. ఆదిలక్ష్మి నోరు మెదపదు. ఇలాంటి ఆలోచనలు చెడ్డవాళ్ళకే వస్తాయని అనుకోకండి. కుదురైన ఉద్యోగం, ఊళ్ళో పేరు, ఇంట్లో పండగ వాతావరణం ఉన్న పెద్దమనిషికే ఇంకా బాగా వస్తాయి. తర్వాత అరుణ నవ్వుతూ వచ్చి బారసాలకి పిలవలేదేంటండీ అని నిలదీసింది.

చివరికి చెప్పా. మేడానికి కాదు, ముందు అరుణకే. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంది. కార్డుల కట్ట బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పా. తను ఒక్కో కార్డూ తిప్పి చూసింది.

"మీకు తెలిసి ఎన్ని రోజులైందండి?" అంది.

"అయిదు రోజులమ్మా."

"ఏ రోజు నుంచి లెక్కండి?"

తను లేచి బయటికి వెళ్ళి, హైవే పక్కన నిలబడి, వచ్చిన మొదటి బస్సు ఎక్కేసింది. నా సర్వీసులో ఎందరో తిట్టారు, మేడం చేత తిట్లు తిననివాడు మా షెడ్డులో లేడు. ఆ ఒక్క ప్రశ్న తగిలినట్టు ఏదీ తగల్లేదు.

మొహమాటం

ముందు మేడం మండిపడతారనుకున్నా. కార్డులు చూసి కళ్ళజోడు తీసి తల పట్టుకున్నారు. "ఆదిలక్ష్మికి నేర్పా. మీకు నేర్పడానికి మొహమాటపడ్డా. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఏమనుకుంటారో అని" అన్నారు. ఆ పూటే పత్రికకి ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నారు. తిట్లు మర్నాడు తిట్టారు, అవీ బాగానే తిట్టారు.

ఇది వినండి, నేను చెప్తున్నదాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఇదే. మన దగ్గర తప్పులు పుట్టేది అజ్ఞానం దగ్గర కాదు, మొహమాటం దగ్గర. ఏడో తరగతి మనిషికి అంతా విడమర్చి చెప్తాం, ఎమ్మెస్సీ మనిషికి చెప్తే చిన్నబుచ్చుకుంటాడని వదిలేస్తాం. ఆ ఎమ్మెస్సీ మనిషి అడిగితే లోకువైపోతానని అడగడు. కొత్త ల్యాబులో చేరగానే సున్నా ఎక్కడ పెడుతున్నారో అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. కార్డు మీద రోజు అంకె అసలు రాయొద్దు, తేదీ రాయండి, చూసిన టైము రాయండి. తేదీకి ఊరికో లెక్క ఉండదు. మేం ఆ తర్వాత అలాగే చేసాం.

అరుణ రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చింది. నాతో మాట్లాడకుండా నేరుగా మేడం గదిలోకి వెళ్ళి, మొదటి నుంచీ మళ్ళీ చేస్తా, ఈసారి తోడబుట్టిన పిల్లలతోనే పోలుస్తా, ముందు జనరేటరు తెప్పించండి అని అడిగిందట. గడువు ఏడాది పైన కొన్ని నెలలే ఉంది. జనరేటరు వచ్చింది. ఆ ఫ్యాక్టరు జన్యువుకుండే రెండు కాపీల్లో ఒకటి మాత్రమే పోయిన ఆడా మగా జత కట్టాం, అప్పుడు ఒకే కడుపులో మూడు రకాల పిల్లలూ వస్తాయి. నేను ఆదిలక్ష్మి దగ్గర కూర్చుని బిరడా చూడటం, రాయడం మళ్ళీ నేర్చుకున్నా. ఆవిడకి మొహమాటం లేదు, రెండుసార్లు తప్పు పట్టింది.

పది నెలలు ఆ పిల్ల ఆదివారాలు కూడా వచ్చింది. లివరు రక్తం మొదలవడంలో ఆలస్యం లేదు. ఒక్క పూట కూడా లేదు. వేళ్ళు సమానంగా విడివడ్డాయి, తేదీలు పెట్టి చూస్తే రెండు గదుల ఈతలూ సమానంగానే వచ్చాయి. మూడేళ్ళ పని మొత్తం నా చేతిరాత అని తేలిపోయింది. చివరి నెలల్లో అరుణ ఇంకో దారి తొక్కింది. పెద్ద ఎలుకలకి మందిచ్చి రక్తం తగ్గించి, ఎన్నాళ్ళకి కోలుకుంటాయో చూసింది. మామూలువి గబగబా పుంజుకున్నాయి, ఫ్యాక్టరు లేనివి వెనకబడ్డాయి. అంటే ఆ ఫ్యాక్టరు మామూలు రోజుల్లో కాదు, రక్తం కరువైనప్పుడు పనికొస్తుందన్నమాట. చిన్న సంగతే, కానీ నిజం. థీసిస్‌కి అది చాలింది. పాత ఫలితాల్ని దాచలేదు. ఒక అధ్యాయంలో అవి పెట్టి, రోజుల లెక్కలో పొరపాటు జరిగింది అని రాసింది. ఎవరిదో రాయలేదు.

వైవా

వైవాకి నేనూ మేడం వెళ్ళాం. అరుణ వాళ్ళ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. నేను మూడో వరస. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పి సూటిగా అక్కడికే వచ్చాడు. ఈ అధ్యాయంలో ఆలస్యం ఉందన్నారు, తర్వాతి అధ్యాయంలో లేదన్నారు, రోజుల లెక్క తప్పిందెవరు అని అడిగాడు.

మేడం నోరు తెరవబోయారు. అరుణ ఆగలేదు.

"నేనేనండి. కార్డు మీద అంకె చూసా గానీ తేదీ చూడలేదు."

ఆయన వదల్లేదు. ఇలాంటి నిర్లక్ష్యంతో సైన్సు ఎలా చేస్తారు, రోజులు లెక్కపెట్టడం చిన్నపిల్లలకి కూడా వస్తుంది కదా అని నలుగురి ముందూ చాలాసేపు వాయించాడు. తను తలొంచుకుని అవునండీ, అవునండీ అంటూ నిలబడింది. వాళ్ళ నాన్న చెవులు ఎర్రబడటం నాకు వెనక నుంచి కనపడింది. నేను లేచి, అయ్యా ఆ కార్డులు రాసింది నేను అనాలి. అంతే, ఒక్క ముక్క. కూర్చునే ఉన్నా. పరీక్షకుడు తిట్టీ తిట్టీ, తప్పు తనే పట్టుకుని మళ్ళీ చేసినందుకు మెచ్చుకుని, డిగ్రీ ఇవ్వొచ్చని సంతకం పెట్టాడు.

మేడం అక్కడే ఆగిపోయారు. నేను, అరుణ, వాళ్ళ నాన్న కలిసి బస్సులో తిరిగొచ్చాం. పరిటాల దగ్గర బస్సులో జనమంతా కిటికీల్లోంచి ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకున్నారు, ఆయన కూడా పెట్టుకుని, లడ్డూల పొట్లం విప్పి నా చేతికి ఒకటిచ్చాడు. పక్కన అరుణ కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోయిందో లేదో చెప్పలేను.

"అమ్మాయి అంతా చెప్పిందండి" అన్నాడాయన గొంతు తగ్గించి. "లెక్క తను తప్పితే, మీరే కనిపెట్టి చెప్పారంటగా. ఇంకొకళ్ళయితే మనకెందుకని ఊరుకునేవాళ్ళు. మీ మేలు మర్చిపోలేనండి."

"అయ్యో, అదేం లేదండి" అన్నా.

ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. నందిగామ వచ్చేదాకా దారి ఉంది, చెప్పడానికి కావలసినంత టైము ఉంది. అనుకోనిచ్చా.